సాంఘికార్థిక అసమానతలు: మన కాలువ నేర్పు పాఠము

"ఐదు వ్రేళ్లును సమముగా నుండునా?" అని మన పెద్దలు తరచుగా అనుచుందురు. కలిమి లేములను గూర్చియో, ఎక్కువ తక్కువలను గూర్చియో ఎవరైన ప్రశ్నించినచో ఈ సామెతయే సమాధానముగా వచ్చును. దానితో సంభాషణ ముగిసిపోవును. కాని కొంచెము నిదానించి చూచిన యెడల ఈ సామెత మరియొక సంగతిని కూడ చెప్పుచున్నదని తెలియగలదు. వ్రేళ్లు పొడవునందు సమముగా లేవు. అయినను ఐదింటిలోను ప్రవహించు రక్తమొక్కటే. చిటికెనవ్రేలు చిన్నదను కారణమున దానికి రక్తము అందకుండ చేయుట శరీరధర్మము కాదు. ఏ వ్రేలికి ముల్లు గ్రుచ్చుకొన్నను బాధ శరీరమంతటిది. కావున భేదము వేరు, అసమానత వేరు. ఈ రెంటికిని గల తారతమ్యమును తత్త్వవేత్తలును సమాజ శాస్త్రజ్ఞులును ఎట్లు విచారించిరో, మన రాయచూరు జిల్లాలో కన్నుల యెదుటనున్న ఒక ఉదాహరణముతో వివరింప దలచితిమి.

మొదట తత్త్వవేత్తల మాట. 1753లో ఫ్రాన్సు దేశమునందలి దిజోన్ నగరపు విద్వత్పరిషత్తు ఒక వ్యాసరచన పోటీని ప్రకటించెను. మానవులలో అసమానత ఎట్లు పుట్టెను, దానికి ప్రకృతి ధర్మము సమ్మతించునా అనునది అందలి ప్రశ్న. రూసో అను రచయిత దానికొక దీర్ఘమైన సమాధానము వ్రాసెను. బహుమతి ఆయనకు రాలేదు. కాని 1755లో అచ్చుపడిన ఆ వ్యాసము నేటికిని చదువబడుచున్నది. రూసో అసమానతను రెండు విధములుగా విభజించెను. వయస్సు, ఆరోగ్యము, దేహబలము, బుద్ధి వీనియందలి భేదములు ప్రకృతి వలన గలిగినవి. ధనము, గౌరవము, అధికారము వీనియందలి భేదములు మానవులు తమలో తాము ఏర్పరచుకొన్న కట్టుబాట్ల వలన గలిగినవి. మొదటివానికి మనము బాధ్యులము కాము. రెండవవానిని మనమే కల్పించితిమి గనుక, వానికి కారణము చెప్పవలసిన భారమును మనదే.

రూసోకు రెండువేల సంవత్సరములకు పూర్వమే గ్రీసు దేశమున అరిస్టాటిలు న్యాయమును గూర్చి విచారించెను. సమానులకు సమానముగను, అసమానులకు వారి తారతమ్యమును బట్టియు ఇచ్చుటయే న్యాయమని ఆయన మతము. కాని ఆ తారతమ్యమును దేనితో కొలువవలెను? వేణువులను పంచవలసి వచ్చినచో మేలైన వేణువును గొప్ప వంశమువానికి గాక బాగుగా వాయించువానికే ఇయ్యవలెనని ఆయన చెప్పెను. ఇది చక్కని మాట. అయితే ఈ మహామేధావియే కొందరు పుట్టుకతోనే బానిసలని కూడ నమ్మెను. తన కాలపు కట్టుబాటునే ప్రకృతి నియమమని భ్రమించుట ఎంతటివారికైనను సంభవించునని దీనివలన గ్రహింపవలెను. అసమానతను గూర్చి ఆలోచించువారు మొట్టమొదట వేసికొనవలసిన ప్రశ్న ఇదియే: ఈ భేదమును ప్రకృతి చేసినదా, మనుష్యులు చేసినదా?

ఇక మన జిల్లాకు వత్తము. ఉత్తరమున కృష్ణ, దక్షిణమున తుంగభద్ర. ఈ రెండు నదుల నడుమ నున్న అంతర్వేది కొరకు బహమనీ సుల్తానులును విజయనగర ప్రభువులును తరతరములు పోరాడిరి. 1520లో శ్రీకృష్ణదేవరాయలు బిజాపూరు సుల్తానును ఓడించి రాయచూరు కోటను గైకొనెను. రాజులు కోరిన ఈ నేలలో రైతు మాత్రము తరచుగా కరవు పాలగుచుండెను. నదులు పల్లమున పారును. పొలములు మిట్టన నుండును. వాన నమ్మదగినది కాదు. 1876 నుండి 1878 వరకు దక్కనును పీడించిన మహాక్షామమున ఈ ప్రాంతము మిక్కిలి నష్టపడెను. నల్లరేగడి నేలలో జొన్నయు పత్తియు వేసి ఆకాశము వంక చూచుటయే పెక్కుమందికి వ్యవసాయము.

ఈ దుఃస్థితిని తొలగించుటకై హైదరాబాదు సంస్థానమును మద్రాసు ప్రభుత్వమును కలిసి హోసపేట సమీపమున తుంగభద్రకు ఆనకట్ట కట్ట సంకల్పించినవి. 1945లో శంకుస్థాపన జరిగెను. 1953లో నీరు వదలబడెను. ఎడమగట్టు కాలువ పొడవు 227 కిలోమీటర్లు. నేటి కొప్పళ, రాయచూరు జిల్లాలలో సుమారు ఆరు లక్షల ఎకరముల ఆయకట్టు దీనికి ఏర్పాటయ్యెను. 1997 వరకు ఈ రెండును ఒకే జిల్లాగా నుండెను.

ఈ కాలువను నిర్మించినవారి ఉద్దేశమును చదువరులు జాగ్రత్తగా గమనింప వేడుచున్నాము. కొద్ది పొలములకు సమృద్ధిగా నీరిచ్చి అధికముగా పండించుట వారి ఉద్దేశము కాదు. ఉన్న నీటిని సాధ్యమైనంత ఎక్కువ నేలకు పలుచగా పంచి, కరవునుండి ఎక్కువమందిని కాపాడవలెనని వారు తలచిరి. అందుచేత ఏ పొలమున ఏ పంట వేయవలెనో ముందుగానే నిర్ణయించి పట్టికలు వ్రాసిరి. అధికభాగము ఆరుతడి పంటలకు. వరికి అల్పభాగము మాత్రమే. కాగితముపై చూచిన యెడల ఇది సమత్వమునకు చక్కని నమూనా.

జరిగినది వేరు. కాలువకు ఎగువనున్న పొలములకు నీరు ముందుగా వచ్చును. తూము తమ గట్టుననే యున్నది. వరి లాభకరమైనది. పట్టికలో ఆరుతడి అని వ్రాసియున్న పొలములలో కూడ వరి నాటిరి. వరి మడికి నిలువనీరు కావలెను గనుక ఎగువవారు తమ వాటాకు మించి తీసికొనిరి. కాలువ దిగువనున్న మాన్వి, సిరవార, రాయచూరు తాలూకాల చివరి పొలములకు చేరునప్పటికి నీరు సన్నగిల్లెను. ఏటేటను చివరి ఆయకట్టు రైతులు నీటికొరకు ఆందోళన చేయుట మన జిల్లాలో అందరు ఎరిగినదే. హాలెండు దేశపు పండితుడు పీటర్ మోలింగా ఈ కాలువమీదనే పరిశోధన చేసి ఒక పెద్ద గ్రంథమును వ్రాసెను. నీటి పంపకము కేవలము తూముల కొలతలవలన జరుగునది కాదు, మనుష్యుల పలుకుబడివలన జరుగునది అని ఆ గ్రంథము వలన తెలియుచున్నది. ఎవరికి అధికారులతోను నాయకులతోను పరిచయమున్నదో, రాత్రివేళ కాలువగట్టున కాపలాకు ఎవరికి మనుష్యులున్నారో, వారికే నీరు.

రూసో చెప్పిన రెండు విధముల అసమానత ఇచ్చట కలిసిపోయి కనబడుచున్నది. పొలము కాలువకు ఎగువనుండుట, దిగువనుండుట భౌగోళికమైన భేదము. అందులో ఎవరి తప్పును లేదు. కాని ఎగువవాడు రెండు వాటాలు పొందుట, దిగువవాడు అర్ధవాటా పొందుట మనుష్యులు చేసిన అసమానత. భేదము అసమానతగా మారునది తూము దగ్గరనే.

ఈ సందర్భమున మన సంగతి కూడ కొంత చెప్పుకొనక తప్పదు. ఈ జిల్లాలో తెలుగువారు రెండు విధములుగా నున్నారు. తరతరములుగా ఇచ్చటనే నివసించుచున్న తెలుగువారు కొందరు. 1956లో భాషారాష్ట్రములు ఏర్పడునప్పుడు గద్వాల, ఆలంపురము తాలూకాలు రాయచూరు జిల్లానుండి విడదీయబడి మహబూబునగరము జిల్లాలో చేర్చబడినవి. శేషించిన జిల్లాలోని తెలుగువారు నాటినుండి భాషాల్పసంఖ్యాకులైరి. రెండవవారు కాలువ వచ్చిన తరువాత కృష్ణా, గోదావరి, గుంటూరు ప్రాంతములనుండి వచ్చి సింధనూరు, మాన్వి మొదలగు తాలూకాలలో స్థిరపడినవారు. వారి ఊళ్లకు నేటికిని క్యాంపులనియే పేరు.

డెల్టాలో ఒక ఎకరము అమ్మిన సొమ్ముతో ఆ దినములలో ఇచ్చట పెక్కు ఎకరములు కొనగలిగిరి. ముండ్లపొదలు కొట్టి, నేల చదును చేసి, గట్లు వేసి, మళ్లు కట్టి వారు పడిన శ్రమ అసామాన్యము. ఈ శ్రమను మేము తక్కువ చేయబోము. కాని అదే కాలమున స్థానిక రైతు తన నేలను ఏల అమ్మివేసెనో కూడ ఆలోచింపవలెను. అతడు సోమరి యగుటచేత కాదు. కాలువనీరు వచ్చినంతనే నేల మాగాణి కాదు. దానిని చదును చేయుటకు పెట్టుబడి కావలెను, వరి సాగు తెలిసియుండవలెను, మొదటి రెండు పంటలు చెడినను తట్టుకొను శక్తి యుండవలెను. ఇవి లేనివానికి కాలువ తన పొలము ప్రక్కనుండి పోవుచున్నను అక్కరకు రాలేదు. కొందరు తాము అమ్మిన నేలలోనే తరువాత కూలికి పోయిరి. నీరు అందరిదే, నీటిని వాడుకొను శక్తి అందరిది కాదు.

సరిగా ఈ విషయమునే భారతీయ పండితుడు అమర్త్యసేన్ 1979లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున చేసిన ప్రసంగములో ప్రశ్నగా పెట్టెను. సమత్వము కావలెనని అందరును అందురు. కాని దేని యందు సమత్వము? వస్తువులను సమముగా పంచిన చాలదు, ఆ వస్తువులతో ఏమి చేయగలరో, ఎట్లు బ్రతుకగలరో ఆ సామర్థ్యమును చూడవలెనని ఆయన అభిప్రాయము. కుంటివానికిని పరుగెత్తువానికిని సమానమైన తిండి పెట్టినంత మాత్రమున ఇరువురును సమానముగా గమ్యము చేరలేరు గదా!

ఇప్పుడు సమాజ శాస్త్రజ్ఞులు ఏమందురో చూతము. అసమానత ఎందులకున్నది అను ప్రశ్నకు వారిలో ఏకాభిప్రాయము లేదు. 1945లో డేవిస్, మూర్ అను ఇరువురు అమెరికా పండితులు ఒక వాదమును ప్రతిపాదించిరి. సంఘమునకు ముఖ్యమైన పనులు కొన్ని యుండును. వానికి నేర్పును దీర్ఘమైన శిక్షణయు కావలెను. సమర్థులను ఆ పనులకు ఆకర్షించుటకై అధికమైన ప్రతిఫలము ఈయబడును. కావున అసమానత సంఘమునకు ఉపయోగకరము అని వారి వాదము. దీనికి 1953లో ట్యూమిన్ అను పండితుడు సమాధానము వ్రాసెను. ఏ పని ముఖ్యమైనదో ఎవరు నిర్ణయించిరి? పేదవాని బిడ్డకు శిక్షణకే అవకాశము లేనప్పుడు సమర్థుడు ఎవడో ఎట్లు తెలియును? అసమానత ప్రతిభను వెదకి తీయుటకు మారుగా దానిని కప్పిపెట్టుచున్నది గదా అని ఆయన ఆక్షేపించెను.

ఈ ఆక్షేపణను మన పొలములలోనే పరీక్షింపవచ్చును. నడుము వంచి, బురదలో నిలిచి, నారు నాటు స్త్రీ లేకున్నచో వరి లేదు. ఆ పని ముఖ్యము కాదని ఎవరనగలరు? అయినను ఆ స్త్రీ పొందు కూలి స్వల్పము. కావున ప్రతిఫలమును నిర్ణయించునది పనియొక్క ప్రాముఖ్యము మాత్రమే కాదు, బేరమాడు శక్తి. ఎవనికి నేల యున్నదో వాడు రెండు దినములు ఆగగలడు. ఎవనికి లేదో వాడు ఈ పూటయే పనికి పోవలెను.

కార్ల్ మార్క్సు చెప్పినది ఇదియే. భూమి, యంత్రము మొదలగు ఉత్పత్తి సాధనములు ఎవరి చేతనున్నవో, ఎవరికి తమ శ్రమ తప్ప అమ్ముకొనుటకు మరేమియు లేదో, ఈ భేదమే తక్కిన భేదములన్నింటికిని మూలమని ఆయన సిద్ధాంతము. జర్మనీ దేశమునకే చెందిన మాక్స్ వేబరు దీనిని అంగీకరించుచునే, ఇది చాలదనెను. సంఘమున ఒకటి కాదు, మూడు నిచ్చెనలున్నవి: ధనము ఒకటి, గౌరవము మరియొకటి, అధికారము ఇంకొకటి. ఒకడు ఒక నిచ్చెనపై మీదిమెట్టుననుండి, మరియొకదానిపై క్రింది మెట్టుననుండవచ్చును.

వేబరు చెప్పిన ఈ మూడు నిచ్చెనల మాట మనవంటివారికి మిక్కిలి ఉపయోగించునది. క్యాంపులోని ఒక తెలుగు రైతును తలచికొందము. అతనికి మాగాణి యున్నది. ధనపు నిచ్చెనపై అతడు మీదనే. కాని ప్రభుత్వ కార్యాలయమునకు పోయినప్పుడు అర్జీ కన్నడమున వ్రాయవలెను. అతడు ఒకరి సాయము కోరవలసియుండును. అచ్చట అతడు క్రిందిమెట్టువాడు. అతని పొలమున పనిచేయు కన్నడ కూలివానికి ఆ భాష మాతృభాషయే. కాని చదువు లేకపోవుటచేత అతడును ఆ అర్జీని వ్రాయలేడు. పైగా అతడు దళితుడైనచో గౌరవపు నిచ్చెనపై అందరికంటె క్రిందనే నిలుపబడును. అతని భార్యకు అతనికంటెను తక్కువ కూలి. ఒక్కొక్క మనిషి ఎన్ని నిచ్చెనలపై నిలిచియున్నాడో చూడక, ఒక్కదానినే చూచి "మాకు అన్యాయము జరిగినది" అని గాని, "మాకు ఎవరి ఋణమును లేదు" అని గాని అనుట తొందరపాటు.

డాక్టరు అంబేద్కరు మన దేశపు అసమానతకు గల ప్రత్యేక లక్షణమును ఎత్తి చూపెను. కులవ్యవస్థ కేవలము అసమానత కాదు, మెట్లుమెట్లుగా అమర్చిన అసమానత. ప్రతి కులమునకును తనకంటె క్రింద మరియొక కులముండును. మీదివాడు తనను అణచుచున్నాడని కోపమున్నను, క్రిందివానిపై తన ఆధిక్యమును వదలుకొనుటకు ఎవనికిని మనసొప్పదు. అందుచేత అణగినవారందరును ఏకము కాలేరు. ఈ వ్యవస్థ ఇంతకాలము నిలుచుటకు గల రహస్యమిదియే. 1949 నవంబరు 25వ తేదీన రాజ్యాంగసభలో ప్రసంగించుచు ఆయన ఒక హెచ్చరిక చేసెను. 1950 జనవరి 26 నాడు మనము వైరుధ్యముతో కూడిన జీవితములోనికి ప్రవేశింపబోవుచున్నాము. రాజకీయమున సమత్వము, సాంఘికార్థిక జీవితమున అసమానత. ఈ వైరుధ్యమును త్వరగా తొలగింపకున్నచో ప్రజాస్వామ్యమే ప్రమాదమున పడునని దాని సారాంశము.

మనవైపు ఈ మెట్లను పడగొట్టుటకు ప్రయత్నము జరుగకపోలేదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమున బసవేశ్వరుని చుట్టు చేరిన శరణులలో చర్మకారులు, చాకలివారు, పడవవారు, స్త్రీలు అందరు నుండిరి. చేతిపనిని దైవారాధనముగా భావించిన ఆ ఉద్యమమును పాల్కురికి సోమనాథుడు తెలుగున బసవపురాణముగా రచించెను. దానిని 1369లో భీమకవి కన్నడమునకు తెచ్చెను. సమత్వభావము కన్నడదేశమున పుట్టి, తెలుగున కావ్యమై, మరల కన్నడమునకు చేరిన విధము, ఈ రెండు భాషల నడుమ బ్రదుకు మనకు గర్వకారణము.

ఇక చదువు మాట. ఫ్రాన్సు దేశపు సమాజ శాస్త్రజ్ఞుడు పియరీ బూర్దియో ధనమువలెనే చదువు, సంస్కారము, భాష కూడ ఒక విధమైన మూలధనమే యనెను. ఇంట మాటలాడు భాషయు బడిలో వినబడు భాషయు ఒక్కటే యైన బాలునికి, పుస్తకములున్న ఇంట పుట్టిన బాలునికి, బడికి రాకముందే కొంత మూలధనము చేకూరియుండును. ఉపాధ్యాయులు అందరికిని ఒకే పాఠము చెప్పుదురు, ఒకే ప్రశ్నపత్రము ఇత్తురు. కావున ఫలితములలోని తేడా బుద్ధియందలి తేడాయే యని అందరును నమ్ముదురు. నిజమునకు కొందరు కాలువకు ఎగువనుండియే బయలుదేరిరి.

మాతృభాషలో ప్రాథమికవిద్య గరపు సౌకర్యములను భాషాల్పసంఖ్యాకుల బాలురకు కల్పింప యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేర్చబడెను. తెలుగు మాధ్యమపు పాఠశాలలు దయతో ఇచ్చిన దానములు కావు; ఒక అసమానతను సరిదిద్దుటకు ఏర్పడిన సాధనములు. అయితే ఉన్నత విద్యకును ఉద్యోగమునకును పోవునప్పుడు కన్నడ, ఆంగ్ల భాషలు తప్పవు. ఆ భాషలను శ్రద్ధగా నేర్చుకొనుట మాతృభాషకు ద్రోహము కాదు. పొరుగువాని భాష నేర్చినవాడు వానితో సమానముగా కూర్చుండి మాటలాడగలడు.

కొన్ని అంకెలను కూడ చూడవలెను. 2011 జనాభా లెక్కల ప్రకారము కర్ణాటక రాష్ట్రమున నూటికి 75.36 మంది అక్షరాస్యులు. రాయచూరు జిల్లాలో 59.56 మంది మాత్రమే. జిల్లాలో పురుషులు నూటికి 70.47, స్త్రీలు 48.73. రాష్ట్రమునకును జిల్లాకును గల దూరము కంటె, జిల్లాలో పురుషులకును స్త్రీలకును గల దూరము ఎక్కువ. మనము బెంగళూరును చూచి మాకు తక్కువ జరిగినదందుము; మన ఇంటి ఆడపిల్లకు మనము తక్కువ చేసినది కనబడదు. నాట్ల దినములలో తరగతిగదిలో ఖాళీగా నుండు స్థలములు ఎవరివి? వాన తప్పిన ఏడు తల్లిదండ్రులు కూలికై పట్టణములకు వలసపోయినప్పుడు, ఇచ్చటివారు గుళే అని పిలుచు ఆ వలసలో, వారి వెంట పోవు పిల్లలు ఎవరు? ఈ ప్రశ్నలు సమాజశాస్త్ర పుస్తకములకు మాత్రమే చెందినవి కావు. మన ప్రక్క బల్లపై కూర్చుండు తోటి విద్యార్థికి చెందినవి.

ప్రాంతముల నడుమ గల అసమానతకు చారిత్రక కారణములున్నవి. రాయచూరు 1948 వరకు నిజాము పాలనలో నుండెను. 1949లో జాగీరులు రద్దయ్యెను. 1974లో కర్ణాటక భూసంస్కరణ చట్టమునకు చేసిన సవరణల వలన కౌలుదారులు పెక్కుమంది తాము దున్ను నేలకు యజమానులైరి. కాని కౌలు హక్కు సైతము లేని కూలివానికి వీనివలన నేల దక్కలేదు. ప్రాంతీయ అసమానతలను పరిశీలించుటకు ఏర్పడిన డాక్టరు నంజుండప్ప సంఘము 2002లో తన నివేదికను సమర్పించెను. రాష్ట్రమునందలి 175 తాలూకాలలో 114 వెనుకబడినవనియు, వానిలో 39 అత్యంతము వెనుకబడినవనియు, ఆ 39లో 21 మన కలబురగి విభాగమునందే యున్నవనియు ఆ నివేదిక తెలిపెను. 2012లో ఆమోదింపబడిన 98వ సవరణచే రాజ్యాంగమున 371-జె అధికరణము చేరెను. దానివలన ఈ ప్రాంతపువారికి విద్యాలయములలోను ఉద్యోగములలోను కొన్ని స్థానములు ప్రత్యేకింపబడుచున్నవి. ఇచ్చట పుట్టుకగాని నివాసముగాని చూతురే కాని భాషను చూడరు. మంచిదే. కాని ప్రాంతమునకు వచ్చిన వాటాను ప్రాంతములోని మీదిమెట్టువారే అనుభవించిన యెడల, అది ఎగువ తూమునొద్ద ఆగిపోయిన నీటివంటిదే యగును.

అట్లైన న్యాయమైన పంపకమును ఎట్లు కనుగొనవలెను? జాన్ రాల్స్ అను అమెరికా తత్త్వవేత్త 1971లో ప్రకటించిన తన గ్రంథమున ఒక చక్కని ఉపాయమును సూచించెను. సంఘపు నియమములను ఏర్పరచువారు ఒక తెర వెనుక కూర్చున్నట్లు భావింపవలెను. ఆ తెర వెనుకనున్నవానికి తాను ధనికుడో పేదవాడో, స్త్రీయో పురుషుడో, ఏ కులమువాడో, ఎంత బలము గలవాడో తెలియదు. అట్టి స్థితిలో ఎవడును ఒక పక్షమునకే లాభకరమగు నియమమును కోరడు. ఏలయన నష్టపడువాడు తానే కావచ్చును. కావున ఏ అసమానతయైనను అందరికంటె క్రిందనున్నవారికి అధికముగా మేలు చేయునదైన మాత్రమే అంగీకరింపదగినదని రాల్స్ నిశ్చయించెను.

ఈ ఉపాయమును మన కాలువకు అన్వయింపుడు. మీ పొలము ఎగువ తూము దగ్గరనున్నదో, చివరి పిల్లకాలువ కొనయందున్నదో మీకు తెలియదనుకొనుడు. అప్పుడు తూముల నియమమును వ్రాయుడు. ఎగువవాడు తన ఇష్టము వచ్చినంత తీసికొనవచ్చునని ఎవరైన వ్రాయుదురా? వ్రాయరు. న్యాయమనగా నేమో తెలియక కాదు మనము అన్యాయము చేయునది. మన పొలమెక్కడనున్నదో తెలిసియుండుటచేత.

దీనికొక ఆక్షేపణ కలదు. అందరికిని సమముగా పంచినచో కష్టించువానికి ఉత్సాహము చచ్చిపోవునని కొందరందురు. ఇందు కొంత సత్యమున్నది. చదును చేసి, ఎరువు వేసి, రేయింబవళ్లు కష్టించినవానికి అధికఫలము దక్కుట న్యాయమే. కాని నీరు ఎవరి కష్టఫలమును కాదు. ఆనకట్ట ప్రజాధనముతో కట్టబడెను. దానికై పెక్కు గ్రామములు మునిగిపోయెను. అందలి ప్రజలు తాతముత్తాతల ఇండ్లను వదలిపోయిరి. అట్టి నీటిలో అధికవాటా పొందుట కష్టమునకు ప్రతిఫలము కాజాలదు, స్థలమునకు దొరికిన అదృష్టము మాత్రమే. అదియును చిరకాలము నిలుచునది కాదు. మితిమీరి నీరు పెట్టుటచే ఎగువ పొలములలో పెక్కు ఎకరములు నీరు నిలిచి చౌడుబారినవి. ఎగువవానికి విషమైన నీరు దిగువవానికి అమృతమైయుండెడిది.

పైగా పంచుకొనవలసిన మొత్తమే తగ్గుచున్నది. ఆరంభమున 133 టి.ఎం.సి.ల నీరు పట్టిన జలాశయము, పూడిక పేరుకొనుటచే ఇటీవలి కొలతల ప్రకారము సుమారు 105 టి.ఎం.సి.లకు దిగెను. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి ఆనకట్టయొక్క ముప్పదిమూడు గేట్లలో పందొమ్మిదవది కొట్టుకొనిపోయినప్పుడు, నిండిన జలాశయమునుండి నీరు నదిపాలగుచుండగా, ఎగువవాడును దిగువవాడును సమానముగా గుండె పట్టుకొని కూర్చుండిరి. మనదను నీరు అందరిదియును అని ఆ కొన్ని దినములలో అందరికిని తెలిసెను. ఆపదయందు తెలిసిన ఈ సత్యమును సంపదయందును మరువకుండుటయే కష్టము.

విద్యార్థి సోదర సోదరీమణులారా! అసమానతను ఒక్క దినమున తొలగించు మంత్రమేదియును మా యొద్ద లేదు. కాని ఏ భేదమును చూచినను మూడు ప్రశ్నలు వేసికొనుట నేర్చుకొందము. ఇది ప్రకృతి చేసినదా, మనుష్యులు చేసినదా? దీనివలన క్రిందివానికి మేలా, కీడా? ఈ నిచ్చెనపై మనమెచ్చట నిలిచియున్నాము? మూడవ ప్రశ్న అన్నిటికంటె కష్టమైనది. అల్పసంఖ్యాకులమై మన హక్కును అడుగునప్పుడు మనము దిగువ పొలపు రైతులము. అప్పుడు ధైర్యముగా అడుగవలెను. కూలివానికి కూలి ఈయునప్పుడు, పనిమనిషికి తినుటకు వేరుగా పళ్లెము పెట్టునప్పుడు, అన్నకు పుస్తకములు కొని చెల్లెలికి బడి మానిపించునప్పుడు మనమే ఎగువ తూమునొద్ద నిలిచియున్నాము. అప్పుడు తలుపు ఎంత తెరచితిమో చూచుకొనవలెను.

మన జిల్లాలోని మస్కియందు అశోక చక్రవర్తి శాసనమొకటి యున్నది. 1915లో బీడన్ అను గనుల ఇంజనీరు దానిని కనుగొనెను. ఇరువదిమూడు శతాబ్దముల క్రిందటి ఆ శాసనము, ధర్మఫలమును గొప్పవారు మాత్రమే పొందగలరని తలపరాదనియు, యత్నించిన చిన్నవాడును పొందగలడనియు, ఈ మాటను చిన్నలకును పెద్దలకును కూడ తెలుపవలెననియు చెప్పుచున్నది. చిన్నవానికి చెప్పుట వానికి ధైర్యము కలిగించుటకు. పెద్దవానికి చెప్పుట వాడు అడ్డము రాకుండుటకు. ఆ శిల మన నేలపైననే నిలిచియున్నది. దానిని చదువు విద్యయు నేడు మనకు లభించుచున్నది. ఆ మాటను ఇరువురికిని అందజేయవలసిన భారము మనపై గలదు.